నవ్వించు మాయ, ఏడ్పించు మాయ

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున, శామీర్‌పేట చెరువు దాటి రాజీవ్ రహదారి వెంట పోయినచో లాల్‌గడి మలక్‌పేట్ అను ఊరు వచ్చును. మూసీనదికి దక్షిణమున నున్న నగరపు మలక్‌పేట వేరు, ఇది వేరు. ఆ ప్రాంతమున ఒక ప్రక్క పొలములు, మరియొక ప్రక్క మందులను, టీకాలను పరిశోధించు జీనోమ్ వ్యాలీ భవనములు కానవచ్చును. పాత కాలమును క్రొత్త కాలమును ఇరుగుపొరుగులై వసించుచున్న చోటది.

సాయంకాలము బడి విడిచిన పిమ్మట అట్టి ఊళ్లలో ఏ అరుగు చూచినను ఒక దృశ్యము కానవచ్చును. నలుగురు బాలురు ఒకే సెల్‌ఫోనుపై తలలు వంచి కూర్చుందురు. తెరమీద ఒక చిన్న బొమ్మ నిలిచియుండును. దానికి నాలుగడుగుల దూరమున ఒక తలుపు. నడుమ నదులు లేవు, కొండలు లేవు, శత్రువులు లేరు. నడచిపోయి తలుపు చేరుటయే పని. బాలుడు బొమ్మను నడిపించును. రెండవ అడుగు పడగానే నేల నోరు తెరచి బొమ్మను మ్రింగివేయును. నలుగురును ఫక్కున నవ్వుదురు. రెండవ మారు బాలుడు ఆ గోతిని దుమికి దాటును. దాటినంతనే అంతవరకు కదలక పడియున్న ముండ్లు పరుగెత్తుకొని వచ్చి కాలిక్రింద నిలుచును. మరల నవ్వు. మూడవ మారు గోతిని, ముండ్లను రెంటిని తప్పించుకొని చేయి చాచునంతలో తలుపే ప్రక్కకు జరిగిపోవును. ఈ మారు నవ్వు వీధి చివర వరకు వినవచ్చును.

ఆ దారిని పోవు వృద్ధుడెవరైన ఆగి, “ఏమిరా పిల్లలూ! గెలిచినవాడు నవ్వుట విన్నాను గాని, ఓడినవాడు నవ్వుట ఎక్కడనైన కలదా?” అని యడిగిన నడుగవచ్చును. “తాతా! ఇది మోసపు ఆట. మోసపోవుటయే ఇందులోని తమాషా!” అని బాలురు బదులు చెప్పుదురు.

వృద్ధుని ప్రశ్న చిన్నది కాదు. బాలుర సమాధానమును తేలికయైనది కాదు. మోసపోవుట ఏడ్పునకు కారణమని లోకమెల్ల ఎరుగును. మరి ఈ మోసము నవ్వునెట్లు పుట్టించుచున్నది? ఇట్టి ఆట బాలురకు మేలు చేయునా, కీడు చేయునా? ఈ విషయమును విచారించుట యుక్తము.

పై జెప్పిన ఆట పేరు లెవెల్ డెవిల్. ఇట్టివి మరికొన్ని కలవు. వాని పుట్టుక తెలియవలెనన్న జపాను దేశమునకు పోవలెను. 1985వ సంవత్సరమున నింటెండో అను సంస్థ సూపర్ మారియో బ్రదర్స్ అను వీడియో ఆటను వెలువరించెను. షిగెరు మియమోటో దాని రూపకర్త. అది గురువువంటి ఆట. మొదటి ఘట్టముననే ప్రశ్నార్థకపు గుర్తుగల పెట్టెను కొట్టినచో మేలు కలుగునని, పుట్టగొడుగును పట్టుకొన్నచో బలము పెరుగునని, గోతిని దుమికి దాటవలెనని ఒక్క మాటయైనను చెప్పకయే నేర్పును. లోకమందలి కోట్లాది పిల్లలు ఆ పాఠము నేర్చికొనిరి.

మరుసటి యేడే, అనగా 1986లో, ఆ సంస్థయే జపానులో రెండవ భాగమును విడుదల చేసెను. అందులో బలమిచ్చు పుట్టగొడుగును పోలినదే మరియొక పుట్టగొడుగు కలదు. దానిని ముట్టినచో ఆపద! ముందునకు చేర్చవలసిన దొడ్డిదారులలో కొన్ని ఆటగానిని వెనుకటి లోకమునకు కొనిపోవును. అది మిక్కిలి కఠినమని తలచి అమెరికాలో దానిని అప్పుడు విడుదల చేయలేదు. 1993లో వెలువడిన ఆటల సంపుటిలో గాని అచ్చటివారికి అది దక్కలేదు. పాఠము చెప్పిన గురువే శిష్యుని ఆట పట్టించుట అప్పుడు మొదలైనదనవచ్చును.

2007లో ఈ పరిహాసము పరాకాష్ఠ నందెను. ఆ యేట జపానులో శ్యోబోన్ యాక్షన్ అను ఆట పుట్టెను. మారియోను వెక్కిరించుచు చేసిన ఈ ఆటలో నాయకుడు ఒక తెల్లని పిల్లి. కావుననే దీనికి క్యాట్ మారియో అను పేరు వ్యాపించినది. ఇందు పిల్లి గోతిని దాటుటకు ఎగురగానే గాలిలో కనబడని పెట్టె ఒకటి తలకు తగిలి దానిని గోతిలో పడద్రోయును. గట్టిగా కనబడు నేల కూలిపోవును. ఆకాశమున నవ్వుచు నిలిచిన మేఘమును తాకినను ప్రాణము పోవును. ఎన్నిమారులు చచ్చినను ఆట ముగియదు. ప్రాణముల లెక్క సున్నకు దిగి, అచ్చటినుండి ఋణసంఖ్యలలోనికి పోవును. ఆ సంవత్సరముననే అమెరికాలో ఐ వాన్నా బి ది గై అను మరియొక ఆట వెలువడెను. అందు చెట్టుక్రిందుగా పోవువానిపై పండ్లు పడును. ‘చెట్టు పండు క్రింద పడుట న్యూటనునాటినుండి ఎరిగినదే గదా’ యని, క్రిందికి పోక చెట్టుపైగా దుముకబోయినచో పండు పైకి ‘పడి’ అతనిని చంపును!

ఈ ఆటలన్నిటను ఒక సామాన్యలక్షణము కలదు. అవి ఆటగాని వ్రేళ్లతో గాక అతని నమ్మకముతో ఆడుకొనును. నేల గట్టిదని, మేఘము మెత్తనిదని, తలుపు కదలదని మనసు ముందుగనే నిశ్చయించుకొనును. ఆ నిశ్చయము ఒక్క క్షణములో తలక్రిందగును. బిగబట్టిన ఎదురుచూపు ఏమియు లేనిదై తేలిపోయినప్పుడు నవ్వు పుట్టునని జర్మను తత్త్వవేత్త కాంటు 1790లో వెలువడిన తన గ్రంథమున వివరించెను. అరుగుమీది బాలురు కాంటును చదువలేదు. ఆయన చెప్పినదానిని మాత్రము దినదినము నిరూపించుచున్నారు.

అట్లని నమ్మకము తలక్రిందైన ప్రతిచోట నవ్వు పుట్టదు. నడచుచు నడచుచు నిజముగా గోతిలో పడినవాడు నవ్వడు. మోసము వినోదము కావలెనన్న మూడు నియమములుండవలెను. మోసము కలదని ముందుగనే తెలిసియుండుట మొదటిది. పడినందువలన పోయినది ఏమియు లేకుండుట రెండవది. పడినవాడును చూచినవారితో కలిసి నవ్వగలుగుట మూడవది. ఈ మూడింటిలో ఏ యొక్కటి లోపించినను అది ఆట కాదు.

ఇట్టి వినోదము తెలుగువారికి క్రొత్తది కాదు. పండుగనాళ్లలో ఇంటింట పరచుకొని ఆడిన వైకుంఠపాళిని చూడుడు. తెలుగున గడి యనగా దొరల కోటవంటి ఇల్లు. పటముమీది చదరమును గడియే. ఆ రెండవ గడులలో నిచ్చెనలును పాములును కలవు. పుణ్యము నిచ్చెనయై ఎక్కించును; పాపము పామై మ్రింగి దింపును. పరమపదమునకు చేరువలో నోరు తెరచిన పెద్దపాము వాతపడి, ఎక్కినదంతయు దిగి వచ్చినప్పుడు ఇల్లెల్ల గొల్లుమనును. అయితే వైకుంఠపాళిలో పాములు కంటికి కనబడుచునే యుండును. ఈ క్రొత్త ఆటలలో దాగియుండును. భేదమంతియే.

1957లో కె.వి.రెడ్డిగారి దర్శకత్వమున విజయా సంస్థ నిర్మించిన ‘మాయాబజార్’ చిత్రమునందును ఈ రసమే కలదు. ఘటోత్కచుని అనుచరులు కల్పించిన విడిదిలో పరచిన కంబళి కుదురుగా నుండదు. పండుకొనబోయిన తల్పము కుదురుగా నుండనీయదు. విలాసమునకు ఆశపడిన శర్మ శాస్త్రులు పడి లేచుచుండగా తరతరముల తెలుగువారు కడుపుబ్బ నవ్విరి. తెరమీద పడినవారిని చూచి నవ్విన తాతకు, తెరమీద తానే పడి నవ్వు మనుమడు పరాయివాడు కాడు.

ఇక ఈ ఆటల వలన ప్రయోజనమేమి? మొదటిది, ఓటమియందలి సిగ్గు తగ్గును. పరీక్షలో మార్కులు తగ్గిననాడు ఇంటికి రానొల్లని బాలుడు ఈ ఆటలో నూరుమారులు ఓడి నూటొకటవ మారు లేచును. ప్రాణముల లెక్క సున్నకు దిగువకు పోయినను మరల మొదలిడవచ్చునను భావము లేబ్రాయమున మనసునకు బలమిచ్చును. రెండవది, ఇది కలిసి నవ్వుకొను ఆట. ఒకడు పడగా మరియొకడు ఫోను పుచ్చుకొనును, వాడును పడును. ఇందు నేర్పరికిని నేర్వనివానికిని తేడా స్వల్పము. మూడవది, తొందరపడక కనిపెట్టి చూచు అలవాటు కొంత కలుగును.

అయితే ఈ మెచ్చుకోలునకు ఒక హద్దు కలదు. ఇట్టి ఆట ఆడినవాడు లోకమందలి మోసములన్నిటిని కనిపెట్టగలడని చెప్పుట అతిశయోక్తి. ఏలయనగా ఆటలోని గోయి నిన్న తెరచుకొన్నచోటనే నేడును తెరచుకొనును. దానిని గుర్తుంచుకొన్న చాలును. అది జ్ఞాపకశక్తియే గాని వివేకము కాదు. లోకమునందలి మోసము నిన్నటి తావున నిలిచియుండదు. నేడొక వేషము, రేపొక వేషము. అంతియేగాక కన్నులకు శ్రమ, చదువునకు కొరత, నిద్రకు భంగము అను దోషములు ఏ తెర ఆటకైనను కలవు. ఆటను మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో చేర్చినది. ఆ పట్టిక 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. కావున పెద్దల భయము నిరాధారము కాదు. పొలమునుండి వచ్చిన తండ్రి, “ఆ ఫోను పెట్టి పుస్తకము తీయుము” అని గద్దించుట బిడ్డపై కోపముచే గాదు, బిడ్డ భవిష్యత్తుపై ప్రేమచే.

కాని పెద్దలు గద్దించుటయందు ఒక పొరపాటు జరుగుచుండును. వారు ఫోనులోని ఆటలన్నిటిని ఒకే గాటకట్టుదురు. గోతిలో పడి నవ్వుచున్న బాలుని తిట్టి, మూల కూర్చుండి నవ్వక, పలుకక వ్రేళ్లాడించుచున్న యువకుని విడిచిపెట్టుదురు. భయపడవలసినది ఏ ఆటకు? ఈ ప్రశ్నకు సమాధానము మహాభారతమున కలదు.

ఖాండవ దహనమునాడు తనను కాపాడిన అర్జునునిపై కృతజ్ఞతతో మయుడు పదునాలుగు నెలలు శ్రమించి పాండవులకొక సభను నిర్మించెను. నన్నయ తెలిగించిన సభాపర్వమున ఈ కథ కలదు. దుర్యోధనుడు ఆ సభను చూడబోయెను. స్ఫటికపు నేలను నీరని భ్రమించి వస్త్రము నెత్తి పట్టెను. నీటిని నేలయనుకొని మడుగులో పడెను. మూసిన తలుపును తెరచినదనుకొని నొసలు కొట్టుకొనెను. శ్యోబోన్ యాక్షనులోని పిల్లి పడిన పాట్లన్నియు ఆనాడే రారాజు పడెను! పోయినదేమి? తడిసిన బట్టలు, బొప్పి కట్టిన నొసలు. ఆనాడు అతడును కూడ నవ్వియున్నచో కథ అంతటితో ముగిసెడిది. కాని అతడు నవ్వలేకపోయెను. చూచినవారు నవ్విరని కుమిలి, ఆ నవ్వునకు ప్రతీకారము తలచెను. ఇందు నవ్వినవారి తప్పును కలదు. మయసభలో మాయ కలదని అతిథికి ముందుగా ఎవరును చెప్పలేదు. పడినవానితో కలిసి నవ్వక పడినవానిని చూచి నవ్విరి. పై మూడు నియమములలో రెండు లోపించినవి. చిన్న పరిహాసము పెద్ద పగయై పెరుగుటకు అదియే కారణము. తోటివానిని పడద్రోసి నవ్వు బాలురు ఈ ఘట్టమును మరువరాదు.

అదే సభాపర్వమున రెండవ ఆట వచ్చును. అది శకుని జూదము. అందు గోతులు లేవు, ముండ్లు లేవు. అందమైన పలక, మర్యాదగల ఆహ్వానము, పెద్దల సమక్షము. ఎవరును నవ్వరు. పాచిక పడుచుండును, ధర్మరాజు ధనము పోవును, రాజ్యము పోవును, తమ్ములు పోదురు, తాను పోవును, తుదకు ద్రౌపదిని పణముగా పెట్టును. ధృతరాష్ట్రుడు కనికరించి పోయినదంతయు తిరిగి యిచ్చెను. అంతటితో ఆ మహారాజు ఇల్లు చేరియున్న బాగుండెడిది. మరల పిలువగా మరల వచ్చి కూర్చుండెను! పండ్రెండేండ్లు అరణ్యవాసము, ఒక యేడు అజ్ఞాతవాసము ఆ రెండవ పిలుపు ఫలము. ధర్మము తెలిసినవాడును ఆపుట తెలియక చెడెను.

మయసభ మాయ నవ్వించు మాయ. శకుని మాయ ఏడ్పించు మాయ. నేడు రెండును ఒకే ఫోనులో ప్రక్కప్రక్కన కాపురముండుటయే చిక్కు. డబ్బు పెట్టి ఆడు పేకాటలు, పందెములు రంగురంగుల తెరలతో పిలుచును. మొదట కొద్దిగా గెలిపించును. పిదప ‘ఇంచుకలో తప్పినది, మరల ప్రయత్నింపుడు’ అని ఊరించును. గెలుపు చేరువలో నున్నట్లు తోచినప్పుడు ఓడినవాడు లేచిపోలేడు. దీనిని గుర్తించియే తెలంగాణ ప్రభుత్వము 1974 నాటి జూద చట్టమును 2017లో సవరించి డబ్బు పందెముతో కూడిన ఆన్‌లైను ఆటలను నిషేధించినది. ఆంధ్రప్రదేశ్ 2020లో అట్లే చేసినది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి వర్తించు చట్టము చేసినది. ఆ చట్టము ఆటలన్నిటిని నిషేధింపలేదు. డబ్బు పణముగా నుండు ఆటలను నిషేధించి, పోటీక్రీడలను, వినోదపు ఆటలను ప్రోత్సహింపవలెనని చెప్పినది. అనగా పెద్దలు చూడవలసిన భేదమును చట్టమే చూపినది.

జూదమొక్కటియే కాదు. బహుమతి వచ్చినదని పంపు సందేశములు, బ్యాంకు అధికారులమని ఫోనుచేసి రహస్యసంఖ్య అడుగు కంఠములు, నిమిషములో అప్పు ఇత్తుమను యాప్‌లు ఇవన్నియు కూలు నేలలే, నవ్వు మేఘములే. ఇందు పడినవానికి ప్రాణముల లెక్క మరల మొదలు కాదు. పోయినది కూతురి పెండ్లికి దాచిన సొమ్ము కావచ్చును, విత్తనములకు ఉంచిన పైకము కావచ్చును. అట్టి మోసము జరిగిన వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెనని ప్రతి ఇంట తెలిసియుండవలెను. ఇది చెప్పుటకు ఇంటిలో ఎనిమిదవ తరగతి చదువు బాలుని మించిన యోగ్యుడు లేడు. అంతకుమించి ఒక మాట: మోసపోయినవానిని చూచి నవ్వరాదు. సిగ్గుపడి దాచుకొన్నవాడు సమయము పోగొట్టుకొనును. సమయము పోయినచో సొమ్ము తిరిగి వచ్చు ఆశయు సన్నగిల్లును.

‘లోకమంతయు ఉచ్చులే యైనచో ఎవరిని నమ్మవలెను?’ అని అడుగువారుందురు. దీనికి తెనాలి రామకృష్ణుని పిల్లి కథ చాలును. రాయలవారు పెంచుమని యిచ్చిన పిల్లికి ఆయన మసలుచున్న పాలను పెట్టెను. మూతి కాలిన పిల్లి నాటినుండి చల్లని పాలను చూచినను పారిపోవుచు బక్కచిక్కెను. ఒకమారు మోసపోయి లోకమునంతటిని అనుమానించువాడు ఆ పిల్లివంటివాడు. జపాను పిల్లి వేయిమారులు పడియు మరల ముందునకే నడచును. తెనాలి పిల్లి ఒక్కమారు కాలి పాలనే విడిచెను. మేలైన త్రోవ ఈ రెంటికి నడుమ నున్నది. పాలను విడువరాదు; వేడి చూడక మూతి పెట్టరాదు.

కావున ఒక ఆట చేతికి వచ్చినప్పుడు బాలురు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇందు మాయ కలదని ముందే చెప్పినారా? పడినచో పోవునది నవ్వేనా, నాన్న సొమ్మా? చాలుననుకొన్నప్పుడు లేచిపోగలనా? మూడింటికిని మంచి సమాధానము వచ్చినచో ఆడుకొనవచ్చును, కడుపార నవ్వుకొనవచ్చును. ఒక్కటి తప్పినను అది శకుని పలక యని తెలిసికొని ప్రక్కన పెట్టవలెను. పెద్దలును దూరమునుండి గద్దించుటకంటె ఒకమారు బిడ్డల చెంత కూర్చుండి, వారాడుచున్నది ఏ ఆటయో చూచుట మేలు.

లాల్‌గడి మలక్‌పేట్ వంటి ఊళ్లలో పొద్దు గ్రుంకిన పిమ్మట అట్టి దృశ్యమును చూడవచ్చును. “ఇటు తెండురా, నేనును చూచెదను” అని వృద్ధుడు అరుగుమీద కూర్చుండును. వణకు వ్రేలితో మీట నొక్కును. రెండవ అడుగున నేల తెరచుకొనును. బాలురు నవ్వుదురు, వారితోబాటు బోసినోటితో ఆయనయు నవ్వును. “తాతా! ఇంకొక మారు!” అని బాలురు బ్రతిమాలుదురు. అంతలో ఇంటిలోనుండి అన్నమునకు రమ్మని కేక వినవచ్చును. ఫోను ప్రక్కన పెట్టి, “చాలురా! రేపు చూతము” అని ఆయన లేచి లోపలికి పోవును. ధర్మరాజు నోట నాడు వెలువడవలసియుండి వెలువడని మాట ఆ ‘చాలు’ అనునదియే.